రేపు బంద్

కార్బొరేటర్ జెట్టులో దుమ్ము ఇరుక్కుంటే రాజేశం దాన్ని పెట్రోల్లో ముంచి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదుతాడు. అందువల్ల పొద్దున ఇడ్లీ తిన్నా, మధ్యాహ్నం పప్పన్నం తిన్నా అతని నాలుకకు ముందుగా తెలిసేది పెట్రోలు రుచే. కూరలో ఉప్పు సరిపోయిందా అని అతన్ని అడగడం ఇంట్లో ఎప్పుడో మానేశారు. గాలి కొట్టే కంప్రెషర్ ఒకటుంటే ఆ బాధ తప్పేది. అది తప్ప అశోక్‌నగర్ గల్లీలోని అతని రేకుల షెడ్డులో అన్నీ ఉన్నాయి. స్పానర్లున్నాయి, నల్లబడ్డ ట్రేలున్నాయి, కస్టమర్లు కూర్చోవడానికి బెంచి ఉంది, బెంచి మీద పేపరు చదువుతూ కిషన్ రావు ఉన్నాడు.

గురువారం పొద్దున అభిజిత్ ఒక అట్టపెట్టె మోసుకొచ్చి ఆ బెంచి మీదే దింపాడు. కిషన్ రావు పేపరుతో సహా కొంచెం జరిగి చోటిచ్చాడు. అభిజిత్ ఇంజన్ ఆయిళ్లు పంపిణీ చేసే ఏజెన్సీలో సేల్స్‌మన్. వానాకాలంలో కూడా టై కట్టుకుని తిరుగుతాడు.

"ఏందిది?" అన్నాడు రాజేశం జెట్టు నోట్లోంచి తీయకుండానే.

"మందు. ఇంజన్ కడిగే మందు. పాత ఆయిల్లనే పోయాలె. పది నిమిషాలు బండి నిలబెట్టి ఇంజన్ చాలు ఉంచి, ఆయిల్ దించేసి కొత్తది పోస్తే సరి. లోపల అంటుకున్న మడ్డంత కరిగి బయటికొస్తది. ఈ పెట్టె ఖాళీ చెయ్యన్నా, కంప్రెషర్ తెచ్చి నీ షాపుల పెడ్త. మా ఏజెన్సీ స్కీము."

రాజేశం జెట్టు నోట్లోంచి తీశాడు. "ఏ బండికైనా పొయ్యొచ్చా?"

"ఏ బండికైనా. మరీ పాత ఇంజన్లకైతే జర చూస్కో. ఏండ్ల సంది పేరుకున్న మడ్డి ఒక్కసారి ఊడితే ఆయిల్ జాలికి అడ్డం పడి ఇంజన్ పట్టేస్తది. గసుంటివి ఎన్నుంటయ్ తియ్యి."

ఎన్నుంటాయో అభిజిత్‌కేం తెలుసు. ఈ పేటలో ఉద్యోగం వచ్చేదాకా కొత్త బండి ఊసెత్తని పిల్లలు సగం మంది, ఉద్యోగం వచ్చాక కొన్న బండిని పెన్షన్ దాకా నడిపే పెద్దలు సగం మంది. రాజేశం ఆ మాట విన్నాడు. విననట్టు ఉండిపోయాడు. కంప్రెషర్ షెడ్డు ఎడమ మూలన పెట్టాలా, గల్లీలోకి కనబడేలా ముందు పెట్టాలా అని అప్పటికే చూసుకుంటున్నాడు.

"మా చిన్నప్పుడు నెలకోసారి ఆముదం తాగించేటోళ్లు మాకు" అన్నాడు కిషన్ రావు పేపరు మడుస్తూ. "కడుపు కడిగినట్టయ్యేది. నా బండికే ముందు పొయ్యి రాజేశం. బోణీ నాది."

కిషన్ రావు నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటు. కూతురు శ్రీదివ్యను బడిలో వేసిన యేడు కొన్న బండి అది. ఆ అమ్మాయి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. బండి మాత్రం ఇంకా పెళ్లికొడుకులాగే ఉంటుంది. సీటు కింద పసుపుగుడ్డ పెట్టుకుని, సిగ్నలు పడ్డప్పుడు కూడా ట్యాంకు తుడుచుకునే మనిషి ఆయన. పైన అంత తుడిచేవాడు ఆయిలు మార్చడంలో మాత్రం పిసినారి. ఆ సంగతి రాజేశానికి తెలుసు. ఇంజను లోపల ఏముంటుందో కూడా తెలుసు.

మందు పోశాడు. ఇంజన్ తిరుగుతుంటే ఇద్దరూ దాని పక్కన నిలబడి వంట పొయ్యిని చూసినట్టు చూశారు. తర్వాత కింది బోల్టు విప్పితే ట్రేలోకి దిగిన ఆయిలు తారులా నల్లగా, ముద్దలు ముద్దలుగా ఉంది. కిషన్ రావు ముక్కు మూసుకుని వంగి చూశాడు.

"ఇదంత నా బండిల ఉన్నదా?"

"ఇంక కొంచెం లోపల్నే ఉంటది సార్. మెల్లగ వస్తది."

ఆ మాట అంటున్నప్పుడు రాజేశానికి లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. కొత్త ఆయిలు పోశాక ఇంజను మెత్తగా, వయసు తగ్గినట్టు మోగింది. కిషన్ రావు మొహం చూసి ఆ గుచ్చుకున్నది మరిచిపోయాడు.

మధ్యాహ్నం శ్రీనాథ్ వచ్చాడు. గ్రూప్స్‌కు చదువుతూ అనసూయమ్మ హాస్టల్లో ఉండే కుర్రాడు. బండి వాళ్ల నాన్న నడిపినది. ఊళ్లో వడ్ల బస్తాలు మోసీ మోసీ దాని వెనక షాకబ్జార్బర్లు కూర్చుండిపోయాయి. వెనక సీటు మీద వాళ్లమ్మ ముత్యాలవ్వ నల్లద్దాలు పెట్టుకుని కొడుకు చొక్కా పట్టుకుని కూర్చుంది. హైదర్‌గూడ దగ్గరి కంటి దవాఖానలో రెండు రోజుల కిందటే కుడికంటికి ఆపరేషన్ అయింది.

"ఏం పోస్తున్నవ్ బిడ్డా అండ్ల?" అంది బెంచి మీద కూర్చుని.

"మందు అవ్వా."

"నా కంట్ల పోసినట్టేనా? నాకైతే దినమంత పోస్తనే ఉన్నడు వీడు."

"గసుంటిదే. నీ కంట్ల పొర తీసినట్టు దీని లోపలి మురికి తీస్తది."

ముత్యాలవ్వ నవ్వింది. నవ్వితే కన్ను గుంజిందేమో, చేయి అద్దాల దాకా వెళ్లి ఆగింది. శ్రీనాథ్ వెంటనే ఆ చేయి పట్టుకుని కిందికి దించాడు.

"ముట్టుకోవద్దన్నరు గదనే" అని, రాజేశం వైపు తిరిగి "ఆదివారం ఊరికి తోల్కపోవాలె అన్నా. జనగామ అవుతల. సోమవారం మాకు నాట్లు. కైకిలోళ్లకు మాటిచ్చి వచ్చిందంట, ఆగుమంటె ఆగుతలేదు" అన్నాడు.

"మాట తప్పితే మల్ల మా మడిల ఎవరు కాలు పెడ్తరు?" అంది ముత్యాలవ్వ. "వీడు సర్కారు నౌకరి చేసి నాకు బియ్యం కొనేదాక మడే గదా."

"బండి మీద పోతరా?" అన్నాడు రాజేశం.

"బస్సులనే. కుదుపులు తగలద్దన్నడు డాక్టరు. బండి ఈడ లైబ్రరీకి, కోచింగుకు తిరగనీకే."

రాజేశం ఆయిలు మూత తిప్పి తీశాడు. మూత అడుగున మడ్డి గోరంత మందాన పేరుకుని ఉంది. కిషన్ రావు బండి కంటే ఘోరం. సీసా పట్టుకున్న చేయి ఒక్క క్షణం ఆగింది. జర చూస్కో అన్న మాట స్పష్టంగా వినబడింది. బస్సులోనే పోతారుగదా అనుకున్నాడు. పెట్టె ఖాళీ కావాలనీ అనుకున్నాడు. ఏది ముందు అనుకున్నాడో తర్వాత ఎంత తవ్వుకున్నా అతనికి తేలలేదు. సీసా వంచాడు.

శుక్రవారమంతా మందు మీదే నడిచింది. మెత్తగా పోతోందని, పొగ తగ్గిందని ఒకరికొకరు చెప్పుకుని వచ్చారు. ఎక్కువమందివి ఈమధ్య కొన్న బళ్లు. వాటికి ఆ మందు మంచే చేస్తుంది, అందులో అబద్ధం లేదు. సాయంత్రం కాలేజీ నుంచి తిరిగొస్తూ కిషన్ రావు షెడ్డు ముందు ఆగి, దిగకుండానే యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వినిపించాడు.

"వింటున్నవా? సితార్ వాయించినట్టు లేదూ?"

రాజేశం విన్నాడు. సితార్ వెనకాల, ఇంజను హెడ్డులో ఎక్కడో, గోటితో రేకు మీద కొట్టినట్టు సన్నని చప్పుడు కూడా విన్నాడు. ఆయిలు పైకి సరిగా ఎక్కకపోతే వచ్చే చప్పుడు అది. ఇన్నేళ్లు ఇదే పని చేసినవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క మాట, రేపు పొద్దున తెచ్చి పెట్టండి సార్ అంటే సరిపోయేది. కిషన్ రావు చుట్టూ చేరిన ఇద్దరు ముగ్గురితో మందు గొప్ప చెబుతున్నాడు. వాళ్లలో ఒకడు తన బండికీ పోయమన్నాడు. రాజేశం ఇంకో సీసా మూత తిప్పాడు.

శనివారం పొద్దున కిషన్ రావు బండిని తోసుకుంటూ వచ్చాడు. నారాయణగూడ చౌరస్తా దగ్గర పట్టేసిందట. అక్కడి నుంచి సన్నటి వానలో తోసుకొచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. స్టాండు వేసి పక్కన నిలబడ్డాడు. ఇంట్లో మనిషిని దవాఖానకు తెచ్చినవాళ్లే అలా నిలబడతారు.

రాజేశం కిక్కు మీద కాలేసి తొక్కాడు. కిక్కు దిగలేదు.

"సార్, మీరు జర చాయ్ తాగి రాండ్రి."

"నేను ఈడనే ఉంట."

తప్పలేదు. కుడిపక్క కవరు బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. కవరు ఊడి వచ్చింది. అడుగున ఉండే ఆయిల్ జాలిని వేళ్లతో బయటికి లాగాడు. జాలికి కళ్లు కనబడలేదు. కాటుక అరచేత్తో మెత్తినట్టు నల్లటి ముద్ద దాన్ని మూసేసింది. చుక్క ఆయిలు పైకి పోయే దారి లేదు. పైన పిస్టను ఎండిపోయి, కాలిపోయి, పట్టేసింది. అభిజిత్ చెప్పింది చెప్పినట్టే జరిగింది.

కిషన్ రావు మెడ చాచి చూడబోయాడు. రాజేశం జాలిని గుప్పిట్లో మూసి, పెట్రోలు డబ్బాలో ముంచి, బ్రష్షుతో గబగబా రుద్దాడు. బయటికి తీసేసరికి అది తళతళలాడుతోంది. సిగ్గనిపించింది. సిగ్గుపడుతూనే దాన్ని ఆయన ముందు పెట్టాడు.

"లోపల శుభ్రంగనే ఉన్నది సార్. పెట్రోల్ల తేడా. కిరసనాయిలు కలుపుతున్నరు ఈమధ్య. వేడెక్కి పట్టేసింది. సిలిండరు గీసి బోరు చేయించాలె."

"కిరసనాయిలా?"

"ఏడ పోయించిన్రు?"

అడగకపోయినా పోయేది. అడిగాడు. ఎప్పుడూ పోయించే బంకే అన్నాడు కిషన్ రావు. బండి షెడ్డులో ఉన్నంతసేపూ ఏం చేయాలో తెలియని ఆ మనిషికి ఒక పని దొరికింది. గొడుగు కూడా తీసుకోకుండా బంకు వైపు నడిచాడు. తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"నలుగుట్ల నిలబెట్టి అడిగిన. పంపు దగ్గర బాలకిషన్ లేడా, వాడు నాకు తెల్వదు సార్, నేను కలపలే సార్ అనుడే. మేనేజర్‌ను పిలిపిచ్చిన. రేపట్నుంచి రావద్దన్నడు వాన్ని."

బాలకిషన్ బండి కూడా ఇక్కడికే వస్తుంది. ఇద్దరు ఆడపిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వస్తాడు. రాజేశం స్పానరు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది శ్రీనాథ్ బండి. మూత అడుగున గోరంత మందం మడ్డి ఉన్న బండి.

ఫోన్ చేశాడు. స్విచాఫ్. లైబ్రరీలో చదువుకునేటప్పుడు శ్రీనాథ్ ఫోను ఆపేస్తాడు. రాజేశం షెడ్డు తెరిచి ఉంచే చిక్కడపల్లి లైబ్రరీకి నడిచాడు. లోపల మెట్ల మీద, వరండాలో, కిటికీ గట్టు మీద, ఎక్కడ చూసినా వంచిన తలలే. తన చెప్పులు చప్పుడవుతాయేమోనని మునివేళ్ల మీద నడిచాడు. శ్రీనాథ్ ఎప్పుడూ కూర్చునే చోట ఇంకొకరున్నారు. అవ్వను దవాఖానకు చూపించడానికి వెళ్లాడని ఆ పిల్లవాడు చెప్పాడు.

హాస్టలుకు వెళ్లాడు. అనసూయమ్మ కింద గదిలో నేల మీద కూర్చుని వంకాయలు కోస్తోంది. టీవీ గట్టిగా మోగుతోంది. పొయ్యి మీద కుక్కరు ఆవిరి పట్టి బుసకొడుతోంది. ప్లేట్లు పట్టుకుని నలుగురైదుగురు కుర్రాళ్లు గోడవారగా నిలబడ్డారు. అందరూ రాజేశం కస్టమర్లే. అందరూ నమస్తే అన్నా అన్నారు.

దారి పొడవునా చెప్పవలసింది కూడగట్టుకుంటూనే వచ్చాడు. మందు పోయడం నా తప్పు, జాలికి మడ్డి అడ్డం పడుతుంది, బండి నడుస్తుంటే వెనకచక్రం బిగిసిపోతుంది, నడపొద్దు, షెడ్డుకు తోసుకొస్తే అరగంటలో జాలి కడిగి ఇస్తాను. ఇంతే. కానీ ఇదంతా ఆ కుర్రాళ్ల ముందు చెప్పాలి. వాళ్లలో ఇద్దరి బళ్లకు నిన్ననే అదే మందు పోశాడు.

"శ్రీనాథ్ వస్తే చెప్పక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "రేపు బండి బంద్ పెట్టుమను."

కుక్కరు కూత వేసింది. అనసూయమ్మ కత్తి ఆపింది. "ఏంది, రేపు బంద్ పెట్టిన్రా?"

"ఆ, బంద్ పెట్టుమను."

"రేపు ఆదివారం గాదు?"

"ఆదివారమే. పొద్దుగాల్నుంచే. మరిచిపోకు."

"ఎవరు చెప్పిన్రు?"

"రాజేశం చెప్పిండని చెప్పు. నా మాట మీద ఉంటడు."

అనసూయమ్మ నిట్టూర్చింది. "ఏం బందులో ఏమో, సచ్చిపోతున్నం" అని వంకాయ ముక్కలు నీళ్లలోకి తోసింది. ఆ నిట్టూర్పు దేనికో రాజేశం ఆలోచించలేదు. చెప్పేశానన్న తేలికలో ఉన్నాడు. గడప దాటుతుంటే వెనక నుంచి ఏదో అడిగింది, మళ్లీ కుక్కరు కూతలో కలిసిపోయింది. అతను తిరిగి చూడలేదు.

అది రెండువేల పదకొండు వానాకాలం, ఉద్యమం ఉడుకు మీదున్న కాలం. ఆ రోజుల్లో బందుకు వారం వర్జ్యం లేదు. ఎవరు పిలుపిచ్చారో తెలిసేలోపే షట్టర్లు పడేవి, బస్సులు డిపోల్లోకి వెళ్లేవి. అద్దాలు పగిలేవి, రోడ్డు మీద టైర్లు తగలబడేవి. బంద్ అన్న మాట నిజమా కాదా అని ఎవరూ నిలబడి అడిగేవారు కాదు. ముందు పాలప్యాకెట్లు కొనుక్కునేవారు.

సాయంకాలానికి షెడ్డు పక్కన చాయ్ కొట్టు విఠల్ అడిగాడు, "అన్నా, రేపు బంద్ అట గదా?"

కిషన్ రావు బండి సిలిండర్ బ్లాకు చేతుల్లో తిప్పి చూసుకుంటున్నాడు రాజేశం. "ఎవరన్నరు?"

"అందరు అంటున్నరు. హాస్టల్ పిల్లలు బ్రెడ్లన్ని కొనుక్కపోయిన్రు. ఇగో, గుడ్లు గూడ లెవ్వు."

"ఉంటే ఉండొచ్చు" అన్నాడు రాజేశం. పైగా సంతోషించాడు. బంద్ అయితే శ్రీనాథ్ అసలు ఊరికి పోడు. బండి ఎటూ కదలదు. ఎల్లుండి పొద్దున్నే తెప్పించి జాలి కడిగేస్తే ఎవరికీ ఏమీ తెలియకుండానే అయిపోతుంది. తను వదిలిన మాటే పేటంతా తిరిగి తన దగ్గరికొచ్చిందని అతనికి తట్టలేదు.

కాసేపటికి జేబులో ఫోను మోగింది. రెండు వేళ్లతో బయటికి లాగి చూశాడు. శ్రీనాథ్ పేరు. బెంచి మీద కిషన్ రావు కూర్చుని ఉన్నాడు, బ్లాకు లోపలి గీతలు చూపించమని అప్పుడే అడిగాడు.

"ఎత్తవయ్యా, మోగుతుంటే" అన్నాడు.

"తర్వాత మాట్లాడ్త సార్. చేతులకు గ్రీజున్నది."

ఫోను ఆగేదాకా మోగి ఆగిపోయింది. తర్వాత మాట్లాడలేదు. చెప్పవలసింది చెప్పి పంపానుగదా అనుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే సాకు ఎంత బాగుంటుందంటే, దానికి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

ఆదివారం పొద్దున గల్లీలోకి వచ్చేసరికి అన్ని షట్టర్లూ లేచే ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద బస్సులు ఎప్పటిలాగే పోతున్నాయి. విఠల్ పాలు పొంగించుకుంటూ, బంద్ లేదు గింద్ లేదు, ఎవడో గాలివార్త పుట్టించాడని తిడుతున్నాడు. కిషన్ రావు అప్పటికే బెంచి మీద ఉన్నాడు. రాత్రికి రాత్రే లేత్ మిషను దగ్గర బోరు అయ్యి వచ్చిన బ్లాకును ఒళ్లో పెట్టుకుని, పసుపుగుడ్డతో తుడుస్తున్నాడు.

అనసూయమ్మ కూరగాయల సంచితో గల్లీలోకి వచ్చి షెడ్డు ముందు నిలబడింది.

"ఏందయ్యా రాజేశం, నీ మాట నమ్మి తెల్లారకముందే లేచి మార్కెట్‌కు ఉరికిన. ఏడున్నది బంద్?"

"నేను... ఏం మాట?"

"నిన్న నువ్వే గదా చెప్పినవ్, రేపు బంద్ పెట్టిన్రు, పొద్దుగాల్నుంచే అని. శ్రీనాథ్‌కు చెప్పుమంటివి. చెప్పిన."

రాజేశం చేతిలో పిస్టన్ రింగు ఉంది. వేళ్లు బిగుసుకున్నాయి, రింగు పుటుక్కున విరిగింది.

"శ్రీనాథ్ ఏడున్నడు?"

"ఏడుంటడు, పోయిండు. బస్సులుండవంటివి గదా. అవ్వ నాట్లు నాట్లు అని ఒకటే లొల్లి. రోడ్లు బంద్ చేసేలోపల ఊరు జేరుదమని చీకటితోనే బండి మీద తోల్కపోయిండు. నేనే చెద్దరు మడిచి ముసలమ్మ కింద వేసిన, కుదుపుకు కన్ను గుంజకుండ."

ఆమె ఇంకా ఏదో అంటోంది. రాజేశం ఫోను తీశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బండి నడుపుతున్నాడేమో, అందుకే ఎత్తడంలేదేమో అనుకున్నాడు. నడుపుతుంటే మంచిదా, ఆగిపోతే మంచిదా అన్నది కూడా అతనికి తేలలేదు. మళ్లీ చేశాడు. గొంతులో పెట్రోలు రుచి పైకి వచ్చింది.

"ఏమైంది రాజేశం?" అన్నాడు కిషన్ రావు.

రాజేశం స్టూలు మీద కూర్చున్నాడు, లేచాడు, తన బండి తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్ దాటి, ఎక్కడని వెతుకుతాడు? తాళంచెవి దొరికేసరికి ఫోనే మోగింది. శ్రీనాథ్ పేరు చూసి ప్రాణం లేచొచ్చింది.

"తమ్మీ, ఏడున్నవ్?"

"అంబులెన్సుల ఉన్నమన్నా." వెనక సైరన్ కూత. శ్రీనాథ్ గొంతు పలచగా, ఏడ్చి ఆపుకున్నట్టు ఉంది. "బీబీనగర్ దాటినంక బండి ఒక్కసారి పట్టేసింది. ఎనక టైరు తిరగలే. క్లచ్ పట్టేలోపల్నే పడ్డం. నాకేం కాలే, మోచేతులు గీస్కపోయినయ్. అవ్వ ఎగిరి రోడ్డు మీద పడ్డది."

"అవ్వ ఎట్లున్నది?"

"మాట్లాడుతున్నది. కంటికే తగిలిందన్నా. ఆపరేషన్ చేసిన కన్నే. నెత్తురు ఆగుతలేదు. గదే దవాఖానకు తెస్తున్న. కన్ను ఉంటదో పోతదో..." అక్కడ ఆగాడు. లోపల ముత్యాలవ్వ గొంతు సన్నగా వినబడింది. నాట్లకు ఎవరినైనా పంపించమని అడుగుతోంది.

రాజేశం గోడకు చేయి ఆనించుకున్నాడు.

"నాదే తప్పన్నా" అన్నాడు శ్రీనాథ్. "నువ్వు నాకోసమని చెప్పి పంపినవ్, బంద్ ఉన్నది అని. ఊకుంటే అయిపోతుండె. ఆగలేక జర స్పీడు తోలిన. నిన్న మాపటికి నీకు ఫోన్ గూడ చేసిన, బండి గంత దూరం పోతదా అని అడుగుదామని. పనిల ఉన్నట్టున్నవ్."

రాజేశం ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"పెట్రోలేనా అన్నా? కిషన్ రావు సార్ బండి గూడ గట్లనే పట్టేసిందట గదా, కిరసనాయిలు కలిసి. హాస్టల్ల అంటుండిరి. మాది గూడ గదే బంకు. గదే అయ్యుంటది గదా?"

అబద్ధం తయారుగా ఉంది. తనే వండిపెట్టింది, ఇప్పుడు ఆ కుర్రాడే వడ్డిస్తున్నాడు. అవును అంటే చాలు. బాలకిషన్ ఎలాగూ ఇంటికి వెళ్లిపోయాడు, అతని నెత్తి మీద ఇంకొకటి పడుతుంది, అంతే. కిషన్ రావు తల ఎత్తి ఇటే చూస్తున్నాడు. సంచి బరువుకు భుజం మార్చుకుంటూ అనసూయమ్మ కూడా చూస్తోంది.

"పెట్రోలు కాదు" అన్నాడు రాజేశం.

"మరి?"

"బంద్ గూడ కాదు శ్రీనాథ్. రోడ్డు బంద్ అని నేను చెప్పలే. నీ బండి బంద్ పెట్టుమన్న. నడపొద్దని."

"నా బండా? ఎందుకు?"

"నేను పోసిన మందుకు లోపలి మడ్డి ఊడింది. జాలికి అడ్డం పడి ఆయిల్ పైకెక్కలే. సార్ బండి గూడ గందుకే పట్టేసింది. పెట్రోల్ల ఏం లేకుండె."

కిషన్ రావు చేతిలో పసుపుగుడ్డ ఆగిపోయింది. అనసూయమ్మ సంచి కింద పెట్టింది.

"అంటే" అన్నాడు శ్రీనాథ్, ఇంకా అన్నా అనే పిలుస్తూ, "నిన్ననే నీకు ఎరుకనా అన్నా?"

అవును అని ఊరుకున్నా సరిపోయేది. రాజేశం అరచేత్తో పెదవులు తుడుచుకున్నాడు.

"నిన్న కాదు" అన్నాడు. "పోసేటప్పుడే ఎరుక."